మా ఇంటి నాలుగు ఓట్లు

నందికొండ, హిల్ కాలనీ,
అక్టోబరు 9.

నాయినకు,

శ్రీవాణి రాసేది. క్షేమంగా చేరాను. అమ్మ కట్టిచ్చిన గారెలు నల్లగొండ దాటకముందే అయిపోయాయి. పక్క సీటు ఆవిడకు కూడా రెండు పెట్టాను కాబట్టి తిండిపోతునని అనుకోవద్దు. ఆ రాత్రే దవాఖానలో డ్యూటీకి ఎక్కాను.

ఉత్తరం చూసి ఆశ్చర్యపోకు. దసరా నాడు నువ్వూ నేనూ అన్నం ముందు కూర్చుని అరుచుకున్నాక అమ్మ ఏమందో గుర్తుందిగా. "ఇగ గీ ఇంట్ల గానీ గా ఫోన్ల గానీ రాజకీయం మాట్లాడితే ఇద్దరికీ బువ్వ పెట్ట. అంతగనం ఆగకుంటే ఉత్తరాలు రాసుకోర్రి" అంది. కోపంలో అన్న మాటే అయినా నాకు నచ్చింది. ఫోన్లో నేను నాలుగు మాటలు అనేలోపు నువ్వు నీ నలభై ఏళ్లూ చెప్పేస్తావు. ఉత్తరంలో మధ్యలో ఆపడానికి నీకు వీలుండదు. కాబట్టి ఇప్పుడు పూర్తిగా విను.

ఆ రోజు నేను మన జెండాను తిట్టలేదు. తాత ఆ జెండా పాతినప్పుడు ఊర్లో కూలివాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లని నువ్వే చెప్పావు. కూలి రేట్ల కోసం ఎస్సీ వాడ ఎల్లస్వామి తాతతో కలిసి నకిరేకల్ ఠాణాలో రెండు రోజులు కూర్చున్నదీ నువ్వే. ఆ కథలు వింటూ పెరిగాను. అందుకే ఇప్పుడు ఆ జెండా కింద ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు నిలబడుతున్నారో చూస్తే మండుతోంది. పార్టీ మీటింగులో ఎల్లస్వామి తాతకు ఇప్పటికీ కుర్చీ వెయ్యరు. అది అడిగితే నువ్వు కంచం తోసి లేచిపోయావు.

ఇప్పుడు జవాబు రాయి. కంచం ఏదీ అడ్డం లేదు.

అవ్వను మోకాలి మాత్ర తిన్న తర్వాతే వేసుకోమను.

నీ బిడ్డ,
శ్రీవాణి


తాటిచెర్ల,
అక్టోబరు 17.

చిరంజీవి శ్రీవాణికి రఘుపతి ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం మొన్న అందింది. అరుగు మీద కూర్చుని అమ్మకు, అవ్వకు చదివి వినిపించాను. ముందే లోపల చదువుకునే అలవాటు నాకు లేదు. బిడ్డ రాసిన మాట అందరితో పాటే నాకూ తెలియాలి. నీ దస్తూరి చూసి పోస్టు తెచ్చిన ఎల్లేష్ కూడా మెచ్చుకున్నాడు. నువ్వు నన్ను కడిగేసిన చోట అవ్వ నవ్వింది.

కుర్చీ సంగతి ఒప్పుకుంటాను. వెయ్యాలి. కానీ ఒక కుర్చీ కోసం జెండా మారుస్తామా? నేను ఇరవై రెండేళ్ల వయసులో మొదటిసారి పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. సర్పంచ్ నుంచి పార్లమెంటు దాకా ఒక్క ఎన్నిక తప్పలేదు. నా పని నీకు తెలుసు. పోలింగ్‌కు ముందే ఓటరు జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాను. మన ఓటుకు టిక్కు, అవతలి ఓటుకు ఇంటు, ఎటూ చెప్పలేనిదానికి సున్న. ఆ జాబితా చూసి పార్టీ వాళ్లు గెలుపోటములు ముందే చెప్పుకుంటారు. పోయినసారి మన వార్డులో నా లెక్కకు రెండు ఓట్లే తేడా వచ్చింది. అవి కూడా భార్యాభర్తలు గొడవపడి మార్చినవి.

ఏ ఎన్నికైనా నేను మొదట గుర్తు పెట్టేది మన ఇంటికే. నేను, అమ్మ, అవ్వ, నువ్వు. నాలుగు టిక్కులు. ఆ నాలుగు గీశాకే మిగతా ఊరిని అడిగే అర్హత నాకు ఉందనుకుంటాను.

ఊర్లో సర్పంచ్ లేక రెండేళ్లు కావస్తోంది. ఎన్నికలు ఇక రావచ్చంటున్నారు. సీటు జనరల్ అయితే నా తమ్ముడు, మీ చిన్నాయన మళ్లీ నిలబడతాడు. నిమ్మకాయ ఈసారి బాగా దిగింది. పావు ఎకరం చెట్లకు గజ్జి తెగులు తగిలింది, మందు కొట్టాం.

నాయిన


నందికొండ,
నవంబరు 27.

నాయినా,

తాటిచెర్ల సీటు జనరల్ అయిందని తెలిసింది. చిన్నాయన ఫోన్ చేసి, "బిడ్డా, ఓటుకు రావాలె, సెలవు పెట్టుకో" అన్నాడు. వస్తానన్నాను. ఎవరికి వేస్తానో ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని కూడా ఆయన అనుకోలేదు.

గంట తిరక్కుండానే గ్లోరీ చేసింది. ఎల్లస్వామి తాత చిన్న బిడ్డ, పదో తరగతి దాకా నా పక్కన కూర్చుంది కదా. మహిళా సంఘానికి ఇప్పుడు ఆమే అధ్యక్షురాలు. "శ్రీవాణీ, నేను నామినేషన్ ఏస్తున్న" అంది. నువ్వు నాకు వెయ్యి అని మాత్రం అనలేదు. చిన్నాయన మీద నిలబడుతున్నాను కాబట్టి ముందే నీ చెవిన వేస్తున్నాను, తర్వాత నీకు బాధ అనిపించొద్దు అంది. నేను మాట మార్చి ఊరి ఆరోగ్య సబ్ సెంటర్ సంగతి అడిగాను. మన ఊరి పిల్లలకు ఇప్పటికీ బడి వరండాలో కూర్చోబెట్టి టీకాలు వేస్తున్నారు. గర్భిణులను పరీక్ష చెయ్యాలంటే చీర అడ్డం కడుతున్నారు. చిన్నాయన ఉన్న ఐదేళ్లూ జాగా చూద్దాం, చూద్దాం అంటూనే ఉన్నాడు. గ్లోరీ అప్పటికే మూడు జాగాలు చూసి, సర్వే నంబర్లతో సహా కాగితం మీద రాసుకుంది.

ఆమె నిలబడటం గురించి నీకు ఏమనిపిస్తోంది? పార్టీకి ఏమనిపిస్తోందో వద్దు, అది నాకు తెలుసు.

శ్రీవాణి


తాటిచెర్ల,
డిసెంబరు 3.

చిరంజీవి శ్రీవాణికి,

నాకు ఏమనిపిస్తోందో అడిగావు. నిన్న ఏం జరిగిందో ముందు రాస్తాను.

పంచాయతీ ఆఫీసులో ఊరి పెద్దలం కూర్చున్నాం. ఏకగ్రీవం చేసుకుంటే ఊరికి మంచిదని అందరి మాట. గ్లోరీని, ఎల్లస్వామిని పిలిపించారు. చిన్నాయన మెత్తగానే అడిగాడు. "గ్లోరీ, ఇది జనరల్ సీటమ్మా. మీ రిజర్వేషన్ వచ్చినప్పుడు మేమే నిన్ను నిలబెడతం. గిప్పుడు జర ఆగు."

గ్లోరీ నిలబడే మాట్లాడింది. "మాది వచ్చినప్పుడు జంగమ్మ చిన్నమ్మను నిలబెట్టిండ్రు సారూ. ఐదేండ్లు ఆమె సంతకం పెట్టింది, మాట మీరు మాట్లాడిండ్రు. మీ దయ మీద కూసునే కుర్చీ నాకొద్దు. జనరల్ల ఎవలన్న నిలబడొచ్చన్నరు, అందుకే నిలబడుతున్న."

ఎవరో ఏకగ్రీవం చెడగొడుతున్నావని గట్టిగా అన్నారు. "ఏకగ్రీవం అంటే అందరు ఒప్పుకోవాలె గద. నేను ఒప్పుకుంటలేను" అని తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

జంగమ్మ సంగతి నిజం కాదని ఎట్లా అంటాను, ఆ ఐదేళ్లూ నేనూ చూశాను. కానీ ఆమె మాట నిజమని ఓటు మార్చుకోలేను బిడ్డా. బోరు ఎండి మన తోట పోయేటట్టు ఉన్నప్పుడు చిన్నాయన మూడు ఎండాకాలాలు తన బోరు నుంచి నీళ్లు ఇచ్చాడు. తన చెట్లు సగం ఎండబెట్టుకుని ఇచ్చాడు. నోరు తెరిచి నేను అడగనైనా లేదు. అలాంటి తమ్ముడు నిలబడితే నేను ఇంకెవరి వైపు చూడాలి?

జాబితా వచ్చింది. నిన్న సాయంత్రం మన ఇంటి దగ్గర మొదలుపెట్టాను. మూడు టిక్కులు పెట్టి ఆగిపోయాను. పదో తరగతి స్నేహం సంగతి తెలుసు కాబట్టి అడుగుతున్నాను. నీ పేరు పక్కన ఏం పెట్టమంటావు? నాకు అబద్ధపు గుర్తు పెట్టే అలవాటు లేదు. రాసి పంపు.

అవ్వ మాత్ర తిన్న తర్వాతే వేసుకుంటోంది.

నాయిన


నందికొండ,
డిసెంబరు 7.

నాయినా,

మూడుసార్లు ఈ ఉత్తరం రాసి చింపాను. సున్న పెట్టమని రాద్దామనుకున్నాను. ఎటూ చెప్పలేను అంటే నీకూ తేలిక, నాకూ తేలిక. కానీ అది అబద్ధమవుతుంది. అబద్ధపు గుర్తు పెట్టనివాడి చేత పెట్టించడం అన్యాయం.

ఇంటు పెట్టు నాయినా. నా ఓటు గ్లోరీకి.

చిన్నాయన నీళ్లు ఇచ్చిన సంగతి నేను మర్చిపోలేదు. ఆ మూడు ఎండాకాలాలు బతికిన తోటే నన్ను నర్సింగ్ చదివించింది. ఆ నీళ్ల రుణం నా మీద కూడా ఉంది. ఆయనకు ఒంట్లో బాగాలేదంటే సెలవు పెట్టి వచ్చి పక్కన కూర్చుంటాను, ఎన్ని రాత్రులైనా కూర్చుంటాను. కానీ ఆ రుణం నేను నా చేతులతో తీర్చాలి. ఊరి సబ్ సెంటర్‌తో, గర్భిణుల కష్టంతో తీర్చే హక్కు నాకు లేదు.

కరోనా రోజులు గుర్తుచేసుకో. చిన్నాయన సర్పంచ్‌గా ఊరి దారికి ముళ్లకంప అడ్డం వేయించాడు. అది తప్పని అనను, భయంలో అందరూ వేశారు. గ్లోరీ ఆ కంప పక్కనుంచి తిరుగుతూ జ్వరం వచ్చిన ప్రతి ఇంటి గుమ్మంలో టిఫిన్ డబ్బా పెట్టి పోయింది. మన గుమ్మంలో కూడా పెట్టింది. అవ్వ ఆ అన్నం తిని లేచింది. ఆ రోజు మన ఇల్లు జనరలా కాదా అని గ్లోరీ చూడలేదు.

నేను నీ మీద తిరగబడుతున్నాననుకోకు. ఎల్లస్వామి తాత పక్కన ఠాణాలో కూర్చున్న మనిషి కూతురిగానే ఈ ఓటు వేస్తున్నాను. ఇది నీ నుంచి నేర్చుకున్నదే. నీకు నచ్చకపోయినా నిజం ఇదే.

ఇందువల్ల పార్టీలో నీ మాట పడిపోతుందని తెలుసు. సొంత ఇంటి ఓటే నిలుపుకోలేనివాడు ఊరి ఓట్లేం చెబుతాడని అంటారు. అది తలచుకుంటేనే చెయ్యి ఆగుతోంది. నువ్వు రావద్దంటే మాత్రం ఆగను, వస్తాను. మన ఇంటికి రావద్దంటే గ్లోరీ వాళ్లింట్లో నీళ్లు తాగి, ఓటు వేసి, తిరుగు బస్సు ఎక్కుతాను.

శ్రీవాణి


తాటిచెర్ల,
డిసెంబరు 11.

శ్రీవాణికి,

నీ ఉత్తరం అందింది. అరుగు మీద చదివి వినిపించాను.

పదిహేడో తారీఖు పోలింగ్. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా. కాగితం మీద స్వస్తిక్ ముద్ర వెయ్యాలి. గ్లోరీకి ఉంగరం గుర్తు వచ్చింది, చిన్నాయనకు కత్తెర. కాగితంలో ఉంగరం పైన ఉంటుంది, కత్తెర కింద. ముద్ర గీత మీద పడితే చెల్లదు. సిరా ఆరాకే మడత పెట్టు.

ఆధార్ కార్డు తెచ్చుకో.

రఘుపతి


నందికొండ,
డిసెంబరు 19.

నాయినా,

చివర్లో ఎప్పుడూ నాయిన అని రాసేవాడివి. పోయిన ఉత్తరంలో రఘుపతి అని రాశావు. అది పట్టుకుని బస్సులో వచ్చాను, అదే పట్టుకుని తిరిగి వెళ్లాను.

బస్సు ఆలస్యమై పదిన్నరకు దిగాను. ఇంటికి వెళితే అవ్వ, "మీ నాయిన ఏడింటికే పోయిండు బిడ్డా, చాయ్ గూడ తాగలే" అంది. నేరుగా బడికి వచ్చాను. లోపల ఏజెంటు కుర్చీలో నువ్వు ఉంటావు, ఆఫీసరు నా పేరు చదవగానే తల ఊపి నన్ను గుర్తుపడతావు, అప్పుడు నీ ముఖం ఎట్లా చూడాలా అని దారంతా అదే ఆలోచన. తీరా చూస్తే నీ కుర్చీలో చిన్నాయన కొడుకు ప్రేమ్‌సాగర్ ఉన్నాడు. నీ చేతి జాబితా అతని ముందు ఉంది. నా పేరు చదివినప్పుడు తల ఎత్తి, కిటికీలోంచి బయటికి చూసి, ఏమీ అనకుండా మళ్లీ దించుకున్నాడు.

ఓటు వేసి బయటికి వస్తే మగవాళ్ల వరసలో నువ్వు ఉన్నావు. ఏడింటికి వెళ్లినవాడివి పదిన్నర దాటినా వరసలోనే ఎందుకున్నావో తెలియలేదు. నేను ఆగి చూశాను. నువ్వు నన్ను చూశావు, చూసి ముఖం అటు తిప్పుకున్నావు. నలభై ఏళ్ల కుర్చీ నా వల్ల పోయిందని, అందుకే మాట్లాడలేదని అర్థమైంది.

సాయంత్రం డ్యూటీ ఉండటం వల్ల ఆగలేదు. అమ్మను ఫోన్లో అడిగితే, "నాకేం చెప్పకు. రాజకీయం గద, ఉత్తరం రాస్కో" అని పెట్టేసింది. చిన్నాయన ముప్పై ఒక్క ఓట్లతో గెలిచాడని తర్వాత ఎవరో చెప్పారు.

నా ఓటుకు నేను సిగ్గుపడను. ఇంకోసారి అడిగినా ఉంగరమే. కానీ నువ్వు ముఖం తిప్పుకున్నది మర్చిపోలేకపోతున్నాను. కోపంగా ఉంటే కోపంగానే రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

శ్రీవాణి


తాటిచెర్ల,
డిసెంబరు 23.

నా బిడ్డ శ్రీవాణికి నాయిన రాసేది.

రఘుపతి అని రాసినందుకు అమ్మ కూడా తిట్టింది. అది కోపం కాదు. ఆ రోజు మనసు వేరేచోట ఉండి, ఏం రాస్తున్నానో చూసుకోలేదు. ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను.

నీ ఉత్తరం వచ్చిన పూట అరుగు మీద అమ్మ, అవ్వతో పాటు చిన్నాయన, ప్రేమ్‌సాగర్, మండలం నుంచి వచ్చిన మరో ఇద్దరు పార్టీ వాళ్లు ఉన్నారు. జాబితా కోసం వచ్చారు. ఎల్లేష్ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. చదువు, విందామని చిన్నాయనే అన్నాడు. అలవాటు ప్రకారం విప్పి చదివాను. సున్న పెట్టమందామనుకున్నాను అన్న చోటికి వచ్చేసరికి కింది వరస కళ్లకు కనబడింది. అక్కడ దగ్గు వచ్చినట్టు ఆపవచ్చు. పేజీ తిప్పెయ్యవచ్చు. నోరు ఆగలేదు. ఆపితే నా బిడ్డ మాట దాచుకోవాల్సిన మాట అని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని ఠాణా సంగతి దాకా, గ్లోరీ ఇంట్లో నీళ్ల సంగతి దాకా, అక్షరం వదలకుండా గట్టిగా చదివాను. చదివి, వాళ్ల ముందే కలం తీసి నీ పేరు పక్కన ఇంటు పెట్టి, జాబితా చిన్నాయన చేతికి ఇచ్చాను.

ప్రేమ్‌సాగర్ అన్నాడు, "పెదనాయినా, గిదేం పెద్ద పని గాదు. శ్రీవాణి ఊర్ల ఉంటలేదు. ఆమె రాంగనే ఈమె ఎవలో గుర్తుపట్టనని ఏజెంటుగ నువ్వు అభ్యంతరం పెట్టు. ఆఫీసరు విచారణ అంటడు, గంట గడుస్తది. ఆమెకు బస్సు టైమైతది, పోతది."

నేను చిన్నాయన వైపు చూశాను. వద్దంటాడని చూశాను. అతను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడు ఎండాకాలాలు నీళ్లు ఇచ్చినవాడు ఆ ఒక్క మాట అనలేకపోయాడు. నాకు దెబ్బ తగిలింది అక్కడే, నీ ఓటు దగ్గర కాదు.

"కన్నబిడ్డను నేను గుర్తుపట్టనని సర్కారు ముందల చెప్పాల్నా?" అన్నాను. అట్లాగైతే కుర్చీలో ప్రేమ్‌సాగర్ కూర్చుంటాడని మండలం వాళ్లు అన్నారు. కూర్చోమన్నాను. కుర్చీ నీ వల్ల పోలేదు. నేనే దిగాను.

చిన్నాయన గెలిచిన సాయంత్రం మన ఇంటికే మొదట వచ్చాడు. "అన్నా, తప్పైంది" అన్నాడు. నేను కౌగిలించుకున్నాను. నేను కత్తెరకే వేశాను, అది నీకు కూడా తెలియాలి. తమ్ముడు గెలిస్తే నాకు నిజంగానే సంతోషం. కానీ అతనికి ఒక మాట చెప్పాను. "తమ్మీ, మూడు వందల పన్నెండు మంది గ్లోరీకి ఏసిండ్రు. మన జెండా పాతినంక గా ఎస్సీ వాడ నుంచి జనరల్ సీటుకు పడ్డ మొదటి నామినేషన్ అది. నువ్వు గెలిచినా రేపు పొద్దున ఆమె దగ్గర గా జాగాల కాగితం అడిగి తీసుకో." తీసుకున్నాడు. ఏం చేస్తాడో చూడాలి. ఊరకుంటే ఈసారి అరుగు మీద నుంచి అడిగేది నేనే. పార్టీ మీటింగులో ఎల్లస్వామికి కుర్చీ వేసేదాకా నేనూ కూర్చోనని చెప్పాను.

ఇక నువ్వు అడిగినదానికి. ముఖం ఎందుకు తిప్పుకున్నానంటే, వరసలో నీతో రెండు మాటలు మాట్లాడితే తండ్రి బెదిరించి వేయించాడని ఒకరు, కూతురు తండ్రి ఓటు మార్పించిందని ఇంకొకరు అంటారు. ఆ ఓటు మీద నీ పేరు తప్ప ఇంకెవరి మాటా పడొద్దని తిప్పుకున్నాను. నువ్వు లోపల ఉన్నంతసేపూ తలుపు వైపే చూశాను.

ఏడింటికి వెళ్లి పదిన్నర దాకా ఎందుకు వరసలోనే ఉన్నానంటే, ప్రేమ్‌సాగర్‌ను నేను నమ్మలేదు. అతను నోరు తెరిస్తే ఈమె నా బిడ్డ అని సాక్ష్యం చెప్పడానికి ఆ కిటికీ ఎదురుగా ఉండాలనుకున్నాను. బడి ఆవరణలో ఊరికే నిలబడితే పోలీసులు పంపించేస్తారు. ఓటు వేస్తే బయటికి వెళ్లాలి. అందుకని నా వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్లను ముందుకు పంపించి మళ్లీ చివరికి పోయి నిలబడ్డాను. ఎనిమిదోసారో తొమ్మిదోసారో పోతుంటే ఎల్లస్వామి చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏంది రఘుపతీ, పొద్దుగాల్నుంచి చూస్తున్న, గిట్ల ఎన్కకు పోతున్నవ్. ఓటెయ్యవా?" అన్నాడు.

"నా బిడ్డ వస్తాంది ఎల్లస్వామీ. ఆమె ఏసినంక ఏస్త" అన్నాను.

నీ నాయిన